కార్డు మీద నంబరు

ఆ ఏడాది ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వానలు పడేదాకా మా ఇంట్లో అందరి కళ్ళూ ఒక్క కాగితం మీదే ఉన్నాయి. అది మా తమ్ముడి ఉద్యోగ పొడిగింపు కాగితం. అడుగున గీత మీద వాడు సంతకం పెడితే సైన్యంలో ఇంకో ఆరేళ్ళు, పెట్టకపోతే వానలు మొదలయ్యే నాటికి బయటికి. నేను వాడి చెవినిల్లు కట్టుకుని పోరాను. "చూద్దాంలే అక్కా" అనడం తప్ప వాడు ఇంకో మాట అనేవాడు కాదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మా ఆయన క్యాంపులో దర్జీ. సిపాయిల చొక్కాలు, ప్యాంట్లు ఆయన చేతి మీదుగానే బిగుతవుతాయి, వదులవుతాయి. తమ్ముడిది ప్యారాచూట్లు కట్టే పని. విమానంలోంచి దూకే సిపాయి వీపున ఉండే సంచీ వాడో, వాడితోపాటు షెడ్డులో ఉండే మరో నలుగురిలో ఒకరో కట్టినదే. క్యాంపులో అందరూ వాటిని గొడుగులనే అంటారు. ఆ షెడ్డుకీ గొడుగుల షెడ్డనే పేరు పడిపోయింది.

"బావా, ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టకు" అన్నాడు తమ్ముడు ఒక పొద్దున.

"నువ్వు సంతకం పెట్టవు, నన్ను గ్లాసైనా పెట్టనీరా. ఏదో ఒకటి పెట్టామన్న తృప్తి ఉంటుంది" అన్నాడు మా ఆయన.

తమ్ముడు నవ్వాడు గాని గ్లాసు తీసి పక్కన పెట్టి, తడి మరక తువ్వాలుతో అద్దాడు. కాగితం మీద అంత జాగ్రత్త ఉన్నవాడికి సంతకానికి చెయ్యి ఎందుకు రావడం లేదో నాకు అంతుపట్టలేదు. ఎందుకంటే ఆ పని వాడికి ప్రాణం. పదకొండేళ్ళుగా చూస్తున్నాను కదా. ఇంట్లో దుప్పటి మడత పెట్టినా మూలకి మూల కలవాల్సిందే. మధ్యలో నేను పలకరిస్తే విప్పేసి మళ్ళీ మొదటినుంచీ మడిచేవాడు. అది వాళ్ళ షెడ్డు నియమం. గొడుగు కట్టేవాడితో ఎవరూ మాట్లాడకూడదు. ఎవరైనా మాట్లాడి ధ్యాస చెదిరిందా, సగం కట్టినా, చివరి మడతలో ఉన్నా, మొత్తం విప్పి కొత్తగా మొదలుపెట్టాలి. ధ్యాస చెదిరిన సంగతి కట్టేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. అయినా విప్పాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకూ క్యాంపులో పని దొరికింది. సిపాయిలకి తమ ఉద్యోగం ఎంత తృప్తిగా ఉందో తెలుసుకోవాలని పైనుంచి సర్వే చెయ్యమన్నారు. నిండిన ఫారాలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి తాత్కాలిక గుమస్తా కావాల్సి వచ్చి నన్ను తీసుకున్నారు. ఇంట్లో ఖాళీగా ఉన్న నాకు కుర్చీ, బల్ల, మెడలో గుర్తింపు కార్డు. నా నడకే మారిపోయిందని మా ఆయన వెక్కిరించేవాడు.

ఫారం మీద పేరుండదు, విభాగం ఉండదు. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గళ్ళు. మొదట్లో పని గురించి, మధ్యలో తోటివాళ్ళ గురించి, చివర్లో కొనసాగుతారా లేదా అని. నాకొక నియమాల పుస్తకం ఇచ్చారు. అందులో రెండు ముఖ్యమైనవి. ఒకదానితో ఒకటి పొసగని జవాబులున్న ఫారం నిర్లక్ష్యంగా నింపినట్టు లెక్క, దాన్ని ఎర్ర ట్రేలో పడెయ్యాలి. ఫారం ఎవరిదో గుర్తుపడితే వెంటనే చెప్పాలి, ఆ ఫారం రద్దవుతుంది. పొసగని జవాబులకి ఉదాహరణ కూడా ఇచ్చారు: పని చాలా తృప్తిగా ఉందంటాడు, అదే మనిషి ఒంటి రంగు గురించో పుట్టుక గురించో వారం వారం అవమానాలు పడుతున్నానంటాడు.

నాకు ఆ ఉదాహరణ సబబుగానే తోచింది. అంత హాయిగా ఉన్నవాడికి ఇంత బాధేమిటి అనుకున్నాను. మాదీ అలా మాటలు పడే రంగే. మా తాతల కాలంలో ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్ళం. ఇక్కడి జనం నడుమ మా ఒళ్ళు, మా జుట్టు దూరం నుంచే తెలిసిపోతాయి. బజార్లో చూపులు నాకూ కొత్త కాదు. కానీ అందరికీ ఒకటే యూనిఫాం వేసిన చోట ఆ బెడద ఉండదని నా నమ్మకం. అందుకే అలాంటి ఫారం కనిపించినప్పుడల్లా ఎర్ర ట్రేలోకి విసిరేశాను, చురుగ్గా పని చేస్తున్నానని మురిసిపోతూ.

మూడో వారంలో ఒక ఫారం చేతికొచ్చింది. పని గురించిన పన్నెండు ప్రశ్నలకీ చిట్టచివరి గడి: చాలా తృప్తి. అవమానాల ప్రశ్నకీ చిట్టచివరి గడే: వారానికి చాలాసార్లు. కొనసాగుతారా అంటే, లేదు. ట్రేలో వెయ్యబోతూ ఆగిపోయాను. ప్రతి టిక్కుకీ తోక మీద అడ్డంగా ఒక చిన్న గీత ఉంది.

అలా టిక్కు పెట్టేది గొడుగులు కట్టేవాళ్ళే. ఒక మెట్టు పూర్తయితే టిక్కు, రెండోసారి సరిచూసుకున్నాక దాని మీద అడ్డగీత. ఇంటి సరుకుల చీటీ మీద కూడా మా తమ్ముడు అలాగే పెడతాడు. ఆ షెడ్డులో ఉన్నది ఐదుగురు. వాళ్ళలో ఒంటి రంగుకి మాట పడాల్సినవాడు ఒక్కడే.

వారానికి చాలాసార్లట. రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని భోజనం చేసే మనిషి. నోటికొచ్చిన కబురల్లా వాడికి చెప్పేదాన్ని గాని, నీకెలా గడిచిందిరా అని ఒక్కసారైనా అడగలేదు. చాలాసేపటికి గాని ఎర్ర ట్రే వైపు చూడ్డానికి ధైర్యం రాలేదు. అందులో నేను విసిరేసినవి ముప్పై పైచిలుకు ఉన్నాయి.

మధ్యాహ్నం మా ఆయన కుట్టుగదికి వెళ్ళాను. ఫారం మాట ఎత్తకూడదు కాబట్టి, "తమ్ముణ్ణి షెడ్డులో ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని మాత్రం అడిగాను.

ఆయన మిషను ఆపాడు. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చాడు.

"బొగ్గు అంటారు" అన్నాడు.

"ఎవరు?"

"ఒకడని కాదు. గంటే ముఖ్యం."

గంట అంటే నాకు తెలుసు. అతను నోరు తెరిస్తే మైదానం అవతలికి వినిపిస్తుందని ఆ పేరు పెట్టారు. దూకేవాళ్ళ జట్టులో పెద్దవాడు. నలుగురిని నవ్విస్తాడని అందరికీ ఇష్టం.

"తెల్ల గుడ్డకి మసి అంటుకుంటుందని, వీడు కట్టిన సంచీని వీడి కళ్ళముందే రుమాలుతో తుడుస్తారు. సంచీలో పెట్టే కార్డు మీద కట్టినవాడి నంబరు ఉంటుంది కదా, అది వీడిదైతే వేరేది మార్చుకుంటారు. అదీ పోనీ. వీడు కడుతుండగా తలుపు తీసి, బొగ్గూ అని ఒక్క కేక వేసి పోతారు. అంతే, వీడు అంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "ఇదంతా నీకెలా తెలుసు?"

"కొలతలు తీసేవాడికి చెవులుండవనుకుంటారు. నా ముందే చెప్పుకుని నవ్వుకుంటారు."

"తెలిసి నాతో ఒక్క ముక్క చెప్పలేదు."

"వాడు ఒట్టు వేయించుకున్నాడు. అక్కకి తెలిస్తే తిన్నగా వెళ్ళి గంట చొక్కా పట్టుకుంటుంది, నాకు ఉన్న పరువూ పోతుందన్నాడు." కాస్త ఆగి, "వాళ్ళ చొక్కాలు నేనే కుట్టాలి. ఒక్కోసారి కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ వేస్తాను" అన్నాడు.

ఆయన వేసిన ఒట్టుకి ఆయన ఎంత కుమిలాడో ముఖంలోనే ఉంది.

మర్నాడు ఎర్ర ట్రే ఎత్తుకుని కెప్టెన్ మేడమ్ గదికి వెళ్ళాను. సర్వే బాధ్యత ఆవిడదే. పెన్సిళ్ళన్నీ ఒకే పొడుగుండేలా చెక్కుకునే మనిషి. మా రంగు కాదు. కసురుకోదు, అలాగని ఎవరినీ దగ్గరికీ రానివ్వదు.

"మేడమ్, ఇవి నిర్లక్ష్యంగా నింపినవి కావు" అన్నాను.

"నియమం నేను పెట్టింది కాదు. వారం వారం అవమానపడేవాడు పని చాలా తృప్తిగా ఉందని ఎలా అంటాడు? ఏదో ఒకటి అబద్ధమై ఉండాలి కదా."

"మీరు అడిగింది పని గురించి కదా మేడమ్. వాళ్ళని అవమానించింది పని కాదు కదా."

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. పై ఫారం తీసింది, తర్వాత ఇంకోటి, తర్వాత ఇంకోటి. వంటశాలవాళ్ళవో, బండ్లు నడిపేవాళ్ళవో, నర్సులవో, ఎవరివో తెలియదు. అన్నీ ఒకే కథ. ఆవిడ ముఖంలో రంగు మారింది.

"వీటిలో ఏదైనా ఎవరిదో మీరు గుర్తుపట్టారా?" అని అడిగింది.

అప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది మా తమ్ముడి ఫారమే. అవునంటే అది రద్దు. వాడు పదకొండేళ్ళలో ఒకే ఒక్కసారి నోరు విప్పి చెప్పుకున్న మాట చెత్తబుట్టలోకి పోతుంది.

"లేదు మేడమ్."

చిన్నప్పట్నుంచీ అబద్ధాలు బానే ఆడాను గాని ఇంత శ్రద్ధగా ఎప్పుడూ ఆడలేదు. ఆవిడ నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసి, ట్రే తన వైపు జరుపుకుంది. వాటన్నిటినీ విడిగా ఒక శీర్షిక కింద చేర్చి నివేదిక పంపింది. తర్వాత తనే ఒక్కో విభాగానికీ వెళ్ళి అక్కడి పెద్దలతో మాట్లాడిందట. గొడుగుల షెడ్డులో ఉండే ముసలి సార్జెంటు, కార్డు మీద నంబరు చూసి గొడుగులు మార్చుకునే సంగతి చెప్పాడట.

నెల తిరక్కుండానే ఆదేశం వచ్చింది. ఇకనుంచి గొడుగు కార్డు మీద కట్టినవాడి నంబరు వెయ్యకూడదు. ఎవరు కట్టారో తెలియకపోతే ఇక ఏరుకునేదేముంటుంది? ఆ కాగితం టైపు చేసింది నేనే. ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పాట కూడా పాడుకున్నాను.

తమ్ముడు వచ్చాడు. బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"నా నంబరు తీసేశారక్కా" అన్నాడు.

"మంచిదే కదరా. ఇక ఎవడూ..." అని నాలుక కరుచుకున్నాను.

వాడు తలెత్తి చూశాడు. మా ఆయన గభాల్న కత్తెర వెతకడంలో పడ్డాడు.

"పదకొండేళ్ళుగా కడుతున్నాను. ఒకడు ఆకాశంలోంచి దూకి నేలమీద నడిచి వస్తే, ఆ సంచీలో కార్డు మీద నా నంబరు ఉంటుంది. నాకెవడూ దండం పెట్టక్కర్లేదు. ఆ నంబరు చాలు. ఏదైనా తేడా వస్తే అడగాల్సింది కూడా నన్నే, అదీ నాకు ఇష్టమే. ఇప్పుడు అది ఎవడు కట్టాడో దిక్కులేని సంచీ. తప్పు వాళ్ళదైతే దాచాల్సింది నన్నా?"

నా పాట ఎక్కడికి పోయిందో తెలియదు. ఇక దాచి ప్రయోజనం లేదనిపించి అంతా చెప్పేశాను. ఫారం, ట్రే, మా ఆయన చెప్పింది, ఆడిన అబద్ధం, అన్నీ. తిడతాడనుకున్నాను.

"పేరు లేదు కదా. ఎలా గుర్తుపట్టావు?"

"నీ టిక్కులురా. అడ్డగీతలు."

వాడు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. "రెండోసారి చూసుకోకుండా టిక్కు వదలడం నాకు చేతకాదక్కా. ఎవరికీ తెలియకూడదని రాత మార్చాలనుకున్నాను, పెన్ను మార్చాను, చివరికి ఇలా దొరికిపోయాను."

మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అన్నాళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "అంత ఇష్టమైన పనికి, కొనసాగను అని ఎందుకు పెట్టావురా?"

బూటు తాడు విప్పి, మళ్ళీ కట్టాడు.

"కడుతుండగా పిలుస్తారని బావ చెప్పాడు కదా. ప్రతిసారీ విప్పాను. ఎవరూ చూడకపోయినా విప్పాను. పోయిన నెల ఒకరోజు మూడుసార్లు విప్పాను. నాలుగోసారి కేక వేశారు. ఆఖరి మడతలో ఉన్నాను. దాంతో దూకబోయేది వాళ్ళే. విప్పకపోతే ఏమవుతుందిలే అనిపించింది. ఒక్క క్షణమే. తర్వాత విప్పాననుకో. కానీ ఆ క్షణం వచ్చింది కదా. వాళ్ళ మాటలకి ఉద్యోగం వదిలి పోను అక్కా నేను. ఏదో ఒకరోజు విప్పకుండా వదిలేస్తానేమోనని భయంతో పోదామనుకున్నాను."

వాడికి ఉద్యోగం పోతుందేమోనని నేను బెంగపడుతున్నానే గాని, వాడు తన మంచితనం ఎక్కడ జారిపోతుందోనని పట్టుకుని వేలాడుతున్నాడని నాకు తెలియదు. పాపం అనిపించింది. గర్వంగానూ అనిపించింది. రెండూ ఒక్కసారే వచ్చాయి.

"రేపు మేడమ్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం" అన్నాను.

"నువ్వు రావద్దు. ఇది నేను అడగాల్సింది."

వాడే వెళ్ళాడు, ముసలి సార్జెంటుని వెంటబెట్టుకుని. మూడు కోరాడు. గొడుగు కడుతున్నంతసేపూ షెడ్డు తలుపుకి లోపల గడియ ఉండాలి. కార్డు మీద నంబరు మళ్ళీ రావాలి. ఇచ్చిన గొడుగు వద్దనేవాడు ఎందుకు వద్దో అందరి ముందూ చెప్పాలి, అది రాసుకోవాలి. మేడమ్ మొదట ఒప్పుకోలేదట. ఎవడైనా నిజంగానే నోటికొచ్చింది అనేస్తే ఎలాగని. "ఇప్పుడూ అంటున్నారు మేడమ్. కాకపోతే మీకు వినపడటం లేదు" అన్నాడట వీడు.

వానలకి ముందు ఆఖరిసారి దూకే రోజు వచ్చింది. గొడుగులిచ్చే కిటికీ దగ్గర బల్ల వేశారు. రాసుకోవడానికి ఒక మనిషి కావాలన్నప్పుడు మేడమ్ నన్నే కూర్చోబెట్టింది. నా ముందు గీతలు గీసిన పుస్తకం, పక్కన మేడమ్. కిటికీ వెనక నుంచి సంచీలు అందించే పని తమ్ముడిది.

"ఇది నేను కట్టింది" అని ఒక్కో సంచీ ముందుకు జరుపుతున్నాడు. వేరేవాళ్ళు కట్టినదైతే వాళ్ళ నంబరు చెబుతున్నాడు. మొదట వచ్చినవాడు కొత్తవాడు. వాడు కార్డు చూడనే లేదు, భుజాన వేసుకుని పోయాడు. తర్వాత ఇద్దరు చూశారు, చూసి తీసుకున్నారు. నాలుగోవాడు గంట.

"ఇది నేను కట్టింది" అన్నాడు తమ్ముడు.

గంట సంచీ ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి జట్టు వైపు చూసి నవ్వాడు. ఎప్పుడూ వెంటనే వచ్చే నవ్వులు ఆ పూట రాలేదు. "వేరేది ఇవ్వు" అన్నాడు.

"తప్పకుండా" అంది మేడమ్. "కారణం చెప్పండి. ఈవిడ రాసుకుంటారు."

గంట నా వైపు తిరిగాడు. నా ముఖం చూశాడు, కిటికీలో ఉన్న ముఖం చూశాడు. అక్కాతమ్ముళ్ళమని చెప్పక్కర్లేదు. నేను పెన్ను మూత తీసి పట్టుకున్నాను. నా నోరు నాకే తెలుసు కాబట్టి పళ్ళు బిగించి కూర్చున్నాను.

"కట్టడంలో ఏమైనా లోపం కనిపించిందా?" అని అడిగింది మేడమ్.

"లేదు."

"ఇంతకుముందు ఇతను కట్టినది ఎప్పుడైనా సరిగ్గా తెరుచుకోలేదా?"

"లేదు."

"మరి ఏమని రాయమంటారు?"

మైదానం అవతలికి వినిపించే గొంతు. బల్లకి ఇవతల ఉన్న నాకే వినపడలేదు. పెదవులు కదిలాయి. "ఏం లేదు" అన్నాడనుకుంటాను. వెనక వరుసలో ఎవరో దగ్గారు. గంట సంచీ లాక్కుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. పుస్తకంలో ఆ గీత ఖాళీగానే ఉంది. సాయంత్రం దాకా ఇంకెవరూ ఏమీ రాయించలేదు.

అందరూ దిగారు. గంట కూడా దిగాడు, ఒంటి మీద చిన్న గీరు కూడా పడకుండా. మనసు మారిందని గాని, చెయ్యి కలిపాడని గాని చెప్పను, అలాంటిదేమీ జరగలేదు. గొడుగుని చుట్ట చుట్టి బల్ల మీద పడేసి, ఎవరి వైపూ చూడకుండా పోయాడు. తమ్ముడు దాన్ని తీసుకుని, గుడ్డలో ఇరుక్కున్న గడ్డిపరకలు ఒక్కొక్కటీ ఏరి, ఆరడానికి పైన వేలాడదీశాడు. మిగతావాటికి ఎంతసేపు తీసుకున్నాడో దీనికీ అంతే.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద కాగితం లేదు. కోపంలో చింపేశాడేమోనని చెత్తబుట్ట కూడా చూశాను.

"కాగితం ఏదిరా?"

"ఇచ్చేశాను."

"సంతకం పెట్టా?"

"పెట్టే."

"ఎప్పుడు? సాయంత్రం దాకా నా ఎదురుగానే ఉన్నావు కదా."

"పొద్దున్నే. మీరు బల్ల వెయ్యకముందే."

నాకు అర్థం కాలేదు. "వాడు నీ గొడుగు తీసుకోకపోయి ఉంటే? నలుగురిలో ఏదో ఒక మాట అనేసి ఉంటే?"

తమ్ముడు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళబోతున్నవాడల్లా గుమ్మం దగ్గర ఆగాడు.

"అందుకే ముందే ఇచ్చాను అక్కా. వాడు తీసుకున్నాడు కాబట్టి నేను ఉండిపోయానని రేపు నాకే అనిపించకూడదు."

వాడు లోపలికి వెళ్ళిపోయాడు. మా ఆయన నా వైపు చూశాడు, ఏదో ఒకటి అంటానని. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచక, ఆయన చూస్తుండగానే ఏడ్చాను.